వంశపారంపర్య శిరస్సు

సంచిలో అడుగున బీపీ మాత్రలు పెట్టాను. వాటి మీద తువాళ్లు, లుంగీలు, వేయించిన ఉప్మా రవ్వ పొట్లం, ఊరమిరపకాయలు, మఫ్లరు. జిప్పు పడలేదు. అన్నీ తీసి మళ్లీ సర్దాను.

“ఆదివారానికి వచ్చేసే మడిసికి పెళ్లికూతురి సారెలా సద్దుతున్నావేంటక్కా,” అన్నాడు మా తమ్ముడు నూకరాజు. “ఆ మఫ్లరన్నా తీసెయ్యి. తలకి కావాల్సింది ఆళ్లే ఇత్తారు.”

నేను తియ్యలేదు. ఇంట్లోంచి ఎవరు గుమ్మం దాటుతున్నా నాకు చేతులు చల్లబడతాయి. మా ఆయన భిలాయి వైపు పనికని వెళ్లి, రెండు ఉత్తరాలు రాసి ఊరుకున్నాడు. మా అమ్మ తన కాళ్ల మీద తానే నడిచి ఆసుపత్రికి వెళ్లింది. చివరికి ఇంట్లో మిగిలింది నేనూ నూకరాజూ. వాడు పెళ్లి చేసుకోలేదు. పంపుసెట్లు బాగుచేసుకుంటూ ఊళ్లోనే ముసలివాడయ్యాడు. అలాంటివాణ్ణి నగరానికి పిలుస్తూ కాగితం వస్తే, నేను దాన్ని ఒకసారి చదివి పక్కన పెట్టగలనా?

“సదరు తోలు శిరస్త్రాణమునకు అనుబంధమైన వంశపారంపర్య శిరస్సును, దాని ధారకుడు స్వయముగా తోడ్కొని, ప్రదర్శనశాల ప్రారంభోత్సవమునకు హాజరు కావలెను,” అని అందులో ఉంది.

తలను వెంటబెట్టుకుని రమ్మన్నారు. దాన్ని ఇంట్లో వదిలేసి వస్తాడేమోనని ముందుజాగ్రత్త కాబోలు.

ఇదంతా ఒక పెద్ద అధికారి ప్రభుత్వ ఖర్చు మీద విదేశం చూసి రావడంతో మొదలైంది. అక్కడ ఒక ఆసామి ఇంట్లో గోడ పొడుగునా పాత యుద్ధాల నాటి తోలు టోపీలు ఉన్నాయట. మోటారు సైకిళ్ల మీద తిరిగే సైనికులు పడితే తల పగలకుండా పెట్టుకునేవి. వాటిని చూసి ఆయన కంట నీరు పెట్టారని, మన జాతికి ఇలాంటి గోడ ఒక్కటైనా లేదే అన్న బెంగతో తిరుగు విమానంలో భోజనం ముట్టలేదని పేపర్లో వచ్చింది. ఆయన విమానం దిగిన కొద్ది రోజులకే తోలు శిరస్త్రాణ వారసత్వ మండలి పుట్టింది. దానికి భవనం వచ్చింది, సంచాలకులు వచ్చారు, కార్లు వచ్చాయి. టోపీలు మాత్రం రాలేదు.

అందుకని మండలానికి ఒక టోపీకి తక్కువ కాకుండా సేకరించాలని హుకుం జారీ చేశారు. యుద్ధానికి వెళ్లినవాడు ఒక్కడూ లేని మండలాలకూ అదే లెక్క. పింఛన్లు, రేషన్ కార్డులు, పొలం సర్వేలు అన్నీ పక్కన పెట్టి ఉద్యోగులు ఇళ్ల అటకలెక్కారు. పక్కబట్టలు చుట్టే పాత హోల్డాళ్లు, గుర్రపు జీనులు, చిరిగిన సోఫా కవర్లు కోయించి కుట్టించిన టోపీలు జాతి సంపదలో చేరాయి. మా ఊరి అబ్బులు ఇంట్లో తాతల నాటి తోలు బొక్కెన ఒకటి ఉండేది, నూతిలో నీళ్లు తోడుకునేది. దాన్ని బోర్లించి చూసిన రెవెన్యూ ఉద్యోగి, ఇది ముఖం మొత్తం కప్పే అరుదైన నమూనా అని తేల్చాడు. అబ్బులు అది బొక్కెనండీ అని చెప్పబోతే, నిపుణులు నిర్ణయిస్తారు, నువ్వు సంతకం పెట్టు అన్నాడట.

మా ఇంట్లో ఉన్నది మాత్రం నిజమైనదే. మా నాన్న గన్నియ్య రెండో యుద్ధంలో బర్మా సరిహద్దున మోటారు సైకిల్ మీద ఒక దళం నుంచి ఇంకో దళానికి కాగితాలు చేరవేసేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ టోపీ తెచ్చుకున్నాడు. పైన గట్టి గుల్ల, చెవుల మీదికీ మెడ మీదికీ దిగే తోలు రెక్కలు, గడ్డం కింద బకిల్. ఆయన పోయాక మేకుకు వేలాడుతూ ఉండేది. ఒక ఏడు మా పెట్ట అందులో పొదిగింది కూడా. నేను ఇవ్వద్దన్నాను. నాన్న పేరు అద్దాల బీరువాలో ఉంటదక్కా అని నూకరాజు సంబరపడ్డాడు. మోపెడ్ మీద తీసుకెళ్తుంటే వంతెన దగ్గర పోలీసు ఆపి, తలకు హెల్మెట్ ఏదన్నాడట. వీడు నాన్న టోపీ పెట్టుకోబోతే, దాని మీద ముద్ర లేదు కాబట్టి అది హెల్మెట్ కాదన్నాడు. వీడి వెనకాల కూర్చున్న రెవెన్యూ ఉద్యోగి, అది జాతి సంపద కాబట్టి ఎవరూ పెట్టుకోకూడదన్నాడు. ఇద్దరూ కలిసి వాడికి చలానా రాశారు.

టోపీలు చేరాక ఇంకో చిక్కు వచ్చింది. గోడకు తగిలిస్తే తోలు ముడుచుకుపోతుంది. చెక్క తలలు చేయించాలని టెండరు పిలిచారు. తక్కువకు పాడిన కంపెనీ చీరల షాపుల్లో నిలబెట్టే ఆడబొమ్మల తలలు పంపింది, అన్నింటికీ కొప్పులు. కొప్పు మీద యుద్ధపు టోపీ ఎక్కలేదు. కొప్పులు కోయించడానికి అనుమతి అడుగుతూ రాసిన ఫైలు ఎక్కడో ఆగిపోయింది. అప్పుడు మండలి సంరక్షణాధికారి డాక్టర్ హైమావతి ఒక సిద్ధాంతం కనిపెట్టింది. తోలు ఒకప్పుడు ప్రాణి. దానికి జీవస్పర్శ కావాలి. నిర్జీవ ఆధారం తోలుకు హానికరం. కాబట్టి టోపీ బతికి ఉన్న మనిషి తల మీదే ఉండాలి. ఎవరి తల? మొదట పెట్టుకున్నవాడి రక్తం పంచుకున్న తలకే ఆ కొలత, ఆ వేడి వస్తాయి. సభలో చప్పట్లు చాలాసేపు మోగాయట. మా వాడికి కాగితం వచ్చింది ఆ చప్పట్ల ఫలితమే.

ఆదివారం వచ్చింది. నూకరాజు రాలేదు. ప్రారంభోత్సవం బాగా జరిగిందని, చెక్క తలలు వచ్చేదాకా ఉండమన్నారని ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు ఉంది. “నాన్న తల వాసనేత్తందక్కా లోపల,” అన్నాడు. మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగితే, నీళ్లు తాగేటప్పుడు గడ్డం కింది పట్టీ తడవకూడదని రూలుందని, వీలు చూసి వేసుకుంటున్నానని చెప్పాడు.

ఆ వీలు చూసి అన్న మాట నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. బస్సెక్కాను.

ప్రదర్శనశాల చల్లగా, పెళ్లివారిల్లులా వెలిగిపోతూ ఉంది. గోడ పొడుగునా అద్దాల గదులు. ఒక్కో గదిలో ఒక కుర్చీ, కుర్చీలో ఒక మనిషి, మనిషి తల మీద ఒక టోపీ, దాని మీద ఒక లైటు. లైటు మెడ దాకానే పడుతుంది. మెడ కింద చీకటి. బడిపిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. తలలు నవ్వకూడదు, బకిల్ మీద భారం పడుతుంది. ఊపకూడదు, తోలుకు మడత పడుతుంది. జుట్టుకు నూనె రాయకూడదు. ఆవలించాలంటే కాపలావాడి వైపు చూసి కనుబొమ్మ ఎత్తాలి. నూకరాజు నన్ను చూసి కనుబొమ్మ ఎత్తాడు. కాపలావాడు అది ఆవలింతకే చెల్లుతుంది, బంధువులకు చెల్లదు అన్నాడు.

పక్క గదిలో అబ్బులు ఉన్నాడు. ఉన్నాడని చెప్పుకోవాలి గానీ, కనిపించేది బొక్కెనే. భుజాల దాకా దిగిపోయింది. దాని ముందు జనం ఎక్కువగా మూగుతున్నారు. ఒక పెద్దమనిషి తన కొడుక్కి, ఇది పెట్టుకుని మనవాళ్లు గుండు దెబ్బలు కాచుకునేవారు అని చెబుతున్నాడు. అది బొక్కెనండీ అన్నాను నేను.

“ఎవరదీ, వజ్రమ్మత్తేనా?” అని బొక్కెనలోంచి వినిపించింది. “గొంతు పోల్చుకున్నాను. అత్తా, నాకు కళ్లద్దాలు కూడా ఇచ్చారే ఈళ్లు. లోపల పెట్టుకుని ఏం సూడాలో సెప్పలేదు.”

తలలకు భోజనాల వేళ ఉంటుందని తెలిసి బయట కాచుకున్నాను. నూకరాజు మెడ వాచి ఉంది. భోజనం దగ్గర కూడా టోపీ తియ్యలేదు. విప్పేసి నాతో వచ్చెయ్యరా అన్నాను. వాడు అటూ ఇటూ చూశాడు.

“ఇప్పితే కేసంటక్కా. జాతి సంపద ధ్వంసం సేసినట్టంట. అయినా నేను వచ్చేత్తే నాన్న టోపీని ఇంకెవడి నెత్తినో పెడతారు. ఆడెవడో, ఏం మడిసో.”

నేను తెచ్చిన ఊరమిరపకాయ కొరికి, నములుతూ బకిల్‌ను వేలితో ఎత్తి పట్టుకున్నాడు, తడవకుండా.

సంచాలకులు శ్రీ కమలనాభం గారు నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. మర్యాదస్తుడు. మా తమ్ముణ్ణి పంపించండి, ముసలివాడు, మందులు వాడేవాడు అని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

“అమ్మా, మీ ఆవేదనతో మండలి పూర్తిగా ఏకీభవిస్తోంది,” అన్నారు. “అయితే ఒక చిన్న సవరణ. మీరు సోదరుణ్ణి కోరుతున్నారు. మా వద్ద సోదరులెవరూ లేరు. మా వద్ద ఉన్నది శిరస్సు మాత్రమే. మెడకు దిగువన ఉన్న భాగంపై మండలికి ఎటువంటి హక్కూ లేదు, అభ్యంతరమూ లేదు. అది ఎప్పుడైనా ఇంటికి వెళ్లవచ్చు.”

“ఆ భాగం తలను వదిలేసి ఎలా వచ్చుద్దండీ?”

“ఆ అంశం పరిశీలనలో ఉంది.”

మరి భోజనం సంగతేమిటి, పూటకు ఒక్క పొట్లమే ఇస్తున్నారట అని అడిగాను. దాని మీద పెద్ద చర్చే నడుస్తోందని చెప్పారు. నోరు గడ్డం పట్టీకి పైన ఉంది కనక అది మండలి పరిధిలోకే వస్తుంది. అన్నం మాత్రం దిగువకు పోతుంది. దిగువ భాగాన్ని ప్రభుత్వం ఎందుకు పోషించాలని ఆర్థిక శాఖ అడిగింది. ఎటూ తేలక సగం భోజనం మంజూరు చేశారు. పోనీ టోపీ మాకే తిరిగి ఇచ్చెయ్యండి అన్నాను. కమలనాభం గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వారసత్వాన్ని వారసులే వద్దనుకుంటే ఇక జాతి ఏం కావాలమ్మా అన్నారు.

ఒంటరిగా తిరిగి వచ్చాను. ఆ తర్వాత తోలు టోపీల వెర్రి ముదిరింది. పెళ్లికొడుకులు తోలు టోపీలతో ఊరేగారు. పెద్దలు వచ్చినప్పుడు టోపీలకు శాలువాలు కప్పారు. ఆ శాలువాలు జారి తలల ముఖాల మీద పడితే, తియ్యడానికి ఎవరికీ అధికారం లేక సాయంత్రం దాకా అలాగే ఉంచారు. ఇతర రాష్ట్రాల వాళ్లు వచ్చి చూసి, మాకు ఇంత ముందుచూపు లేకపోయిందే అని సిగ్గుపడి వెళ్లారట. మండలికి ఏదో బహుమతి కూడా వచ్చింది. నేను ప్రతి వారం అర్జీ రాసేదాన్ని. బడికి పోనిదాన్ని అయినా నా తెలుగు తప్పులు లేకుండా ఉంటుంది. నా భాష బాగుందని మెచ్చుకుంటూ జవాబులు వచ్చేవి.

ఆశ్వయుజంలో నూకరాజుకు జ్వరం తగిలింది. నేను పరుగున వెళ్లేసరికి డాక్టర్ హైమావతి అద్దాల గదిలో మోకాళ్ల మీద కూర్చుని టోపీని వేళ్లతో తడుముతోంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. మూడు నెలలుగా ఎన్ని నూనెలు రాసినా లొంగని తోలు, జ్వరపు వేడికి వెన్నలా మెత్తబడిందట. ఈ ఉష్ణోగ్రతనే కొనసాగించగలిగితే వందేళ్లకు ఢోకా లేదని పక్కవాడితో చెబుతోంది.

డాక్టరును పిలిపించండమ్మా అని కాళ్లు పట్టుకోబోయాను. ఆవిడ కంగారు పడింది, మంచి మనిషే. పిలిపించింది కూడా. వచ్చినాయన పశువుల డాక్టరు. తోలు పశుసంవర్ధక శాఖ కిందికి వస్తుందట. ఆయన టోపీని అన్ని వైపులా చూసి, ఎలాంటి రోగమూ లేదని రాసిచ్చి, నూకరాజు వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు. మనుషుల డాక్టరు రావాలంటే తల ఆరోగ్య శాఖదని మండలి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే తల మీద హక్కు పోతుంది. ఆ సంగతి తేల్చడానికి కమిటీ వేశారు.

“కమిటీలో ఎవరున్నారక్కా?” అని అడిగాడు నూకరాజు, కళ్లు మూసుకునే.

తెలియదన్నాను.

“తల ఉన్నోడు ఒక్కడన్నా ఉంటే బావుణ్ణు.”

ఆ మాటకు వాడే నవ్వాడు. కాపలావాడు అద్దం మీద తట్టాడు.

బకిల్ నేనే విప్పుదామని చెయ్యి పెట్టాను. నూకరాజు నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి కాలిపోతోంది. “వద్దక్కా. ఈ ముసలితనంలో నిన్ను జైల్లో ఎడితే నేనెక్కడని తిరగను? కమిటీ అయిపోనీ. కార్తీకంలో వచ్చేత్తాను.” రాత్రి ఉండనివ్వలేదు. బంధువులకు సందర్శన వేళలు ఉన్నాయి. నేను ధర్మసత్రంలో ఉండి రోజూ వెళ్లాను. ఒకరోజు జ్వరం తగ్గినట్టే కనిపించింది, ఊళ్లో ఇంటికి తాళం వేశానో లేదోనని గుబులు పట్టుకుంది, ఒక్క పూటకని ఊరికి వచ్చాను.

మర్నాడు ఫోన్ కంటే ముందు పేపర్ వచ్చింది. మొదటి పేజీలో బొమ్మ. విదేశం చూసి వచ్చిన ఆ పెద్ద అధికారి ప్రదర్శనశాల తనిఖీకి వచ్చి, మా వాడి అద్దం ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద “కదలని వారసత్వం” అని రాశారు. ఆయన చాలాసేపు పరిశీలించి, ఇదీ స్థైర్యమంటే, మిగతా శిరస్సులు దీన్ని చూసి నేర్చుకోవాలి అన్నారని వార్త. అక్కడికక్కడే ఉత్తమ శిరస్సు పురస్కారం ప్రకటించారు. బొమ్మలో నూకరాజు కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పళ్లు కొంచెం కనిపిస్తున్నాయి. నా తమ్ముణ్ణి పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నాకు ఎవరూ ఫోన్ చెయ్యనక్కర్లేదు.

తర్వాత అబ్బులు చెప్పాడు. పొద్దున్న కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు నీళ్లడిగాడట. మొదటి గంట కొట్టాక ఇస్తామన్నారట. ఆ తర్వాత వాడి గొంతు వినలేదు. “పిలిచానత్తా. పలకలేదు. నేను ఏం సూడగలనే, బొక్కెనలో ఉన్నానాయె. అందరూ బా కూచున్నాడు, బా కూచున్నాడంటుంటే, నిజంగానే నిద్రోతున్నాడేమో అనుకున్నాను.” సాయంత్రం పురస్కారం శాలువా కప్పబోతేగాని ఎవరికీ తెలియలేదు.

నేను వెళ్లేసరికి టోపీ తీసేశారు. నిర్జీవ ఆధారం తోలుకు హానికరం కనక, హైమావతి గారు చెప్పిన మరుక్షణం ఒక అటెండరు వచ్చి, ఎడం చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని కుడిచేత్తో బకిల్ విప్పేశాడట. కమిటీ అక్కర్లేకపోయింది. వాడి నుదుటి చుట్టూ తోలు అంచు పడిన గీత ఉంది. నగరంలోనే దహనం చేయించాను. ఊరికి తీసుకురావడానికి బండి అడిగితే, శిరస్సు ప్రయాణానికి ఇచ్చే బండి దిగువ భాగానికి వర్తించదన్నారు. అప్పటికి అంతా దిగువ భాగమే అయిపోయింది మరి.

పదకొండో రోజున కమలనాభం గారు మా ఇంటికి వచ్చారు. వెంట పూలదండ, అబ్బులు రాసినట్టుగా ఎవరో రాసిన సంతాప తీర్మానం, దర్జీలు వాడే కొలత టేపు. దండ ఫొటోకు వేశారు. తీర్మానం చదివారు. తర్వాత టేపు తీశారు.

“అమ్మా, తమ సోదరుని సేవలు చిరస్మరణీయం,” అన్నారు. “వారి నిష్క్రమణతో శిరస్త్రాణం జీవస్పర్శకు దూరమై, ఎడమ చెవి భాగాన ముడతలు ప్రారంభమైనాయి. వంశంలో మిగిలిన ఏకైక శిరస్సు తమదే. ఇది అభ్యర్థన మాత్రమే. అయితే అంగీకరించనిచో చట్టపరమైన పర్యవసానాలు ఉండవచ్చునని తెలియజేయుట నా విధి.”

ఆయన టేపు విప్పి నా నుదుటి దాకా తెచ్చారు. ఆ చేతులకు ఉంగరాలున్నాయి, అత్తరు వాసన ఉంది. నాకు ఎప్పుడూ గుమ్మంలో చల్లబడే చేతులు ఆ రోజు చల్లబడలేదు. ఇంక గుమ్మం దాటడానికి ఇంట్లో ఎవరున్నారు?

“మెడ కింద భాగం మీద నాకేం అభ్యంతరం లేదండి,” అన్నాను. “ఎప్పుడైనా తీసుకుపోండి. తలతో మాత్రం నాకు పనుంది.”

కమలనాభం గారు టేపు చుట్టేశారు. ఆయనకు కోపం రాలేదు. జేబులోంచి పెన్ను తీసి, పాక్షిక సమ్మతి లభించినదని రాసుకుని, నమస్కారం పెట్టి కారెక్కారు.

కొప్పులు కోయించే ఫైలు కదిలాక, అబ్బులు మాఘమాసంలో ఇంటికి వచ్చాడు. మిగతా తలలు ఉగాదికి వచ్చాయి. నూకరాజు రాలేదు. శ్రావణంలో వెళ్లాడు, కార్తీకంలో మొదటి సోమవారం పోయాడు.